స్టేషను హోటల్లో మొదటి గరిటె

మా ఊరి స్టేషను బయట ఇప్పుడు ఫ్లైఓవరు స్తంభాలు కనిపిస్తాయి. వాటిలో టీ బడ్డీ పక్కనున్న స్తంభం సరిగ్గా మా హోటలు పొయ్యి ఉన్నచోట లేచింది. దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకు ముక్కల పులుసు వాసన వస్తుంది. అది లారీల పొగ తాతా అని మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ పిల్ల ముక్కు దానిది, నా ముక్కు నాది.

నేను రాజాంలో ఒక కాలేజీ క్యాంటీను నడిపి రిటైరైనవాణ్ణి. వంటవాళ్లతో ఎలా వేగాలో ఎక్కడ చదువుకున్నారని అక్కడి కుర్రాళ్లు అడిగేవారు. చదువుకున్నది ఎక్కడా లేదు బాబూ, స్టేషను హోటల్లో సర్వరుగా నేర్చుకున్నదే. ఇప్పుడు క్యాటరింగు కోర్సులు చదివే పిల్లలు ఇది చదివితే, మీ పుస్తకాల్లో లేని పాఠం ఒకటి దొరుకుతుందేమో చూడండి. పేర్లు మాత్రం రాయను. వాళ్ల మనవలు ఇప్పటికీ నాకు బజార్లో ఎదురవుతుంటారు.

అరవైల చివరి మాట ఇది. కొత్తవలస నుంచి కొండల్లోకి ఇనప రాయి కోసం కొత్త లైను వచ్చిన రోజులు. మాది విజయనగరం దాటాక వచ్చే చిన్న స్టేషను. మెయిలు మా ఊరిని చూడనట్టే పోయేది. ప్యాసింజర్లు మాత్రం ఆగేవి, నీళ్లు పట్టుకునేందుకు ఇంజను కాసేపు ఎక్కువే ఆగేది. ఆ కాసేపే మా హోటలుకి తిండి పెట్టింది.

హోటలు కథ పాత సావుకారు దగ్గర మొదలవుతుంది. నాకు ఉద్యోగం ఇచ్చిన సావుకారుకి ఆయన తండ్రి. కాస్తంత వరిచేను ఉన్న రైతు. లైను మరమ్మతుకి వచ్చిన గ్యాంగు కూలీలకి ఆయన భార్య అన్నం, పులుసు వండి పంపేదట. మరమ్మతు అయిపోయి కూలీలు వెళ్లిపోయారు గానీ, పులుసు పేరు లైను పొడుగునా పాకిపోయింది. డ్రైవర్లు, గార్డులు దిగి అడగడం మొదలుపెట్టారు. తాటాకు పాక రేకుల షెడ్డయింది, రేకుల షెడ్డు పెంకుల కొట్టయింది. దూలాల కింద పాత రైలు పట్టాలే స్తంభాలుగా పాతారు. పెరట్లో ఒక పట్టా ముక్క వేలాడేది, అది మా గంట. సిగ్నలు రెక్క వాలిందని కనబడగానే ఎవరో ఒకరు దాన్ని ఇనపకమ్మీతో కొట్టేవారు. ఆ మోతకి హోటలంతా లేచి నిలబడేది.

మా బల్లలకి అంకెలు లేవు, స్టేషన్ల పేర్లుండేవి. వంటింటి పక్క బల్ల వాల్తేరు, వీధి గుమ్మం దగ్గర బల్ల పలాస. మధ్యలో విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, నౌపడ. సావుకారు కూర్చునే గల్లాకి గార్డు పెట్టె అని పేరు. వంటిల్లు ఇంజను. "పలాసకి రెండిడ్లీ, వాల్తేరుకి ఒక కాఫీ" అని కేకేస్తే కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడి తాము ఎక్కిన బండి సరైనదేనా అని అడిగేవారు. చేరిన కొత్తలో నేను శ్రీకాకుళం రోడ్డు దోసె తీసుకెళ్లి నౌపడలో దించేసేవాణ్ణి. సావుకారు గార్డు పెట్టెలోంచే "ఒరే, బండి పట్టాలు తప్పింది సూడు" అని అరిచేవాడు.

కొడుకు సావుకారు కోపిష్టి. పాపం మంచివాడే గానీ ముందు కోపం వచ్చేది, మంచితనం తరవాత బండికి వచ్చేది. తండ్రి పెట్టిన పద్ధతులంటే ప్రాణం. మధ్యాహ్నం ప్యాసింజరు జనం తిని వెళ్లేదాకా సావుకారన్నవాడు పచ్చి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదని తండ్రి నియమం. కొడుకు దాన్ని జ్వరంలో కూడా తప్పలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేదట, నేను చేరేనాటికే అది ఆగిపోయింది. రోజూ పులుసు దించగానే మొదటి గరిటె పాత సావుకారు ఒక ఇత్తడి గిన్నెలో పోసుకుని, తానే స్వయంగా పెరట్లోకి తీసుకెళ్లి భార్యకిచ్చేవాడు. ఆవిడ రుచి చూసి ఊఁ అంటేనే పులుసు హాల్లోకి వచ్చేది. ఎంత పెద్ద ఆఫీసరు బల్లముందు కూర్చున్నా సరే, ఆ ఊఁ కోసం ఆగాల్సిందే. ఆయన పోయాక ఆవిడ హోటలు పులుసు ముట్టడం మానేసింది. ఎవరు ఎంత చెప్పినా వినలేదు. గిన్నెని వంటింటి గోడకి మేకు కొట్టి తగిలించారు. అప్పటినుంచీ రుచి చూసే హక్కు వంటమాస్టరు ఒక్కడిదే. వడ్డన మొదలయ్యేలోగా ఇంకెవడైనా వేలు ముంచాడో, వాడికి ఉద్యోగం ఊడినట్టే.

అందరం ఆవిణ్ణి మామ్మ అనేవాళ్లం. పెరటి గుమ్మం దగ్గర కత్తిపీట వేసుకుని పొద్దున్నుంచీ కూరలు తరుగుతూ ఉండేది. మాట్లాడేది తక్కువ. వంకాయ చేతికి తీసుకుంటే పుచ్చుదో కాదో కోయకముందే పక్కకి పడేసేది.

ఇక మాస్టరు. మాస్టరంటే మా వంటవాడు. శృంగవరపుకోట వైపు మనిషి, పాత సావుకారు చేతికింద పెరిగినవాడు. నేను మావా అనేవాణ్ణి. హోటలు వెనక ఒక గదిలో భార్యతో ఉండేవాడు. పిల్లల్లేరు. నాకు రోజూ అడుగంటిన పాలకోవా దాచిపెట్టి ఇచ్చేవాడు, అందుకని నేను ఆయన పార్టీ.

ఒక చలికాలం ఆయనకి గట్టి జ్వరం వచ్చింది. తగ్గి పొయ్యి దగ్గరికి వచ్చిన రోజున పులుసు తెడ్డుతో అరచేతిలో పోసుకుని నాకి, తల ఊపి, మళ్లీ గుప్పెడు ఉప్పు వేశాడు. కాసేపాగి మళ్లీ నాకి, మళ్లీ వేశాడు. నాకు అనుమానం వచ్చింది. హాలుకి తెచ్చిన గిన్నెలోంచి తలుపు చాటున ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. సముద్రమే! బిందెడు నీళ్లూ బెల్లమూ పోయించి ఎలాగో ఆ పూట గట్టెక్కించాం. తరవాత నూతి దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

"ఏటి మావా, ఏటయింది నీకు?"

"ఏటీ తెలీడం నేదురా," అన్నాడు. "ఉప్పేస్తే ఉప్పని తెలీదు. కారమేస్తే మండుతాది గానీ కారమని తెలీదు. వాసన అసలే నేదు. ఏది నోట్లో ఎట్టుకున్నా వేణ్నీల్లే. సావుకారికి తెలిస్తే నన్నుంచుతాడేటి? ఈ గది ఒగ్గేసి మీ అత్తని ఎట్టుకుని నానెక్కడికి పోతాను? పొయ్యి తప్ప నాకేటొచ్చును?"

అంత పెద్ద మనిషి తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇరవై దాటని వయసు, ఏం చేయాలో తెలియకపోయినా ఏదో ఒకటి చేసేయాలనిపించే వయసు.

"నా నాలిక నీదనుకో మావా. నాను సూసి సెప్తాను," అన్నాను.

చెప్పడమెలా? సావుకారు గల్లా నుంచి వంటిల్లు కనిపిస్తుంది, గుసగుసలాడితే చెవులు రిక్కిస్తాడు. అందుకని వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న కిటికీ గట్టుని వాడుకున్నాం. నేను తలుపు చాటున రుచి చూసి, గిన్నెలు అందుకునే నెపంతో గట్టుమీద ఒకటి పెట్టేవాణ్ణి. ఉప్పు చాలకపోతే ఉప్పురాయి, పులుపు చాలకపోతే చింతపండు రెబ్బ, తీపి చాలకపోతే బెల్లం ముక్క. మా వైపు పులుసులో బెల్లం లేకపోతే దాన్ని పులుసనరు. అన్నీ సరిపోతే కరివేపాకు. మావ ఓరకంట చూసి సర్దుకునేవాడు. కరివేపాకు పెట్టిన రోజున ఆయన మొహం చూడాలి! పరీక్ష పాసైన పిల్లాడిలా వెలిగిపోయేది.

అలా బండి నడిచింది. ఇబ్బంది ఒక్కటే, చీమలు. గట్టు మీద బెల్లం వాసనకి బారులు కట్టేవి. ఒకనాడు సావుకారు చూశాడు.

"ఇక్కడ ఈ బెల్లమ్ముక్కలేటిరా? సీమలకి పెల్లి సేస్తన్నారా? కిరసనాయిలు పోసి కడగండి!"

పెరటి గుమ్మంలోంచి మామ్మ తల ఎత్తకుండానే, "ఒగ్గీరా. సీమలు నిన్నేటి సేసినాయి? ఆటికీ ఆకలుంటాది," అంది. తల్లి మాటకి సావుకారు ఎదురు చెప్పేవాడు కాదు. గొణుక్కుంటూ గల్లా ఎక్కాడు. మేం బతికిపోయాం అనుకున్నాను తప్ప, ఆవిడ ఎందుకన్నదో నాకు తట్టలేదు.

తరవాత ఒకసారి నేను చుట్టాల పెళ్లికని ఊరు వెళ్లాను. నేను లేనన్న కంగారులో ఆ పూట పులుసులో ఉప్పు వేయడమే మరిచాడు మావ. రోజూ మా దగ్గర తినే టిక్కెట్టు కలెక్టరు ఒకాయన చేయి కడుక్కుంటూ, "ఏటి సావుకారూ, నౌపడ ఉప్పు రైలెక్కడం మానీసిందా?" అని నవ్వాడట. మా వైపు ఉప్పంతా నౌపడ మళ్లల్లోంచే వచ్చేది. హాలంతా నవ్వింది. సావుకారు నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి, "మా నాన్న పేరు మీద నడస్తన్న కొట్టిది. ఇంకొక్కసారి ఇలగైతే మూట సర్దుకో," అన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి మావ సగమైపోయాడు. అత్త నిజంగానే పెట్టె తుడిచి పెట్టుకుంది.

అంతలో వానలు పట్టుకున్నాయి. అలాంటి ముసురు చూడలేదని పెద్దలు అన్నారు. ఒక పొద్దున్న ప్యాసింజరు మా స్టేషనుకి వచ్చి ఆగింది. ఎంతకీ కదలదు. ముందు స్టేషను దాటాక కట్ట కోసుకుపోయిందని తంతి వచ్చిందట. వెనక్కి పంపడానికి వాల్తేరు నుంచి హుకుం రావాలి. స్టేషను మాస్టరు గొడుగేసుకుని తానే హోటలుకి వచ్చాడు.

"సావుకారూ, బండి నిండా పిల్లా మేకా ఉన్నారు. మద్దేన్నానికి ఏదో ఒకటి సూడాల."

"ఏదో ఒకటేటి బాబూ? బోజనమే ఎడతాను," అన్నాడు సావుకారు. మేమంతా ఆయన మొహంకేసి చూశాం. కోపం వెనక ఉండే మనిషి ఆ పూట ముందుకొచ్చాడు. పక్కింటి పెళ్లికి తెప్పించిన గంగాళం అరువు తెచ్చాడు. పెరట్లో కట్టెల షెడ్డు కింద గాడిపొయ్యి తవ్వించాడు. ఊళ్లోవాళ్లు గుమ్మడికాయలు, ఆనపకాయలు, బెండకాయలు పట్టుకొచ్చి మామ్మ ముందు పోశారు. గొడవ చూద్దామని వచ్చినవాళ్లందరి చేతుల్లో ఆవిడ కత్తి పెట్టింది.

పొయ్యి మండాక సావుకారు మావతో అన్నాడు. "ఇయ్యాల ఇది వ్యాపారం కాదు, పరువు. ఈ జనం పలాస దాకా ఎల్లి మన పులుసు గురించి సెప్పుకుంటారు. ఇయ్యాల పాడైందో, నీకూ నాకూ రునం తీరిపోయినట్టే."

అని ఆ షెడ్డులోనే, గంగాళానికి ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిటికీ లేదు, గట్టు లేదు. నన్ను చిన్నపిల్లలకి పాలివ్వమని ప్లాట్‌ఫారానికి పంపేశాడు. కాళ్లు పాలబిందె వెంట నడిచాయి గానీ ప్రాణమంతా ఆ గంగాళం దగ్గరే ఉంది. ఎవరి గ్లాసులో ఎంత పోశానో దేవుడికే తెలియాలి.

తడిసి ముద్దై తిరిగి వచ్చేసరికి పులుసు తెర్లుతోంది. మావ ఉప్పు వేశాడు, చేత్తోనే కొలిచి. బెల్లం వేశాడు. చింతపండు రసం పోశాడు. 

"రుచి సూడు. నా ఎదట సూడు," అన్నాడు సావుకారు.

మావ అరచేతిలో పోసుకుని నాకాడు. వేణ్నీళ్లు తాగినవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"సరిపోయింది బాబూ."

"మొన్నా సరిపోయిందనే అన్నావు," అని సావుకారు చుట్టూ చూశాడు. నేను కనబడ్డాను. "ఒరే, ఇలగ రా. ఇయ్యాలకి పద్ధతి లేదు గిద్ధతి లేదు. నువ్వు సూసి సెప్పు."

 పులుసు తేడాగా ఉంటే నేను ఏం చెప్పాలి? బాగుందంటే బండెడు జనం నోట్లో మన్ను కొట్టినవాణ్ణవుతాను. బాగాలేదంటే నా నోటితోనే మావని వీధిలోకి గెంటినట్టు. మావ నాకేసి చూడటం కూడా మానేసి నిప్పులకేసి చూస్తున్నాడు. నేను చేయి చాచబోయాను.

"ఆడెందుకురా?" అని వెనకనుంచి వినిపించింది. "నాను సచ్చిపోనానేటి?"

మామ్మ కత్తిపీట మీంచి లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ గంగాళం దగ్గరికి వచ్చింది. సావుకారు కట్టుకున్న చేతులు వదిలేసి పక్కకి జరిగాడు. పాత సావుకారు పోయాక ఆవిడ పులుసు పొయ్యి దగ్గరికి రావడం అదే మొదలు.

మావ ముందు ఆవిడ అరచేయి చాపింది. ఆయన తెడ్డు వంచి పోశాడు. ఆవిడ కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. చాలాసేపు కళ్లు తెరవలేదు.  కళ్లు తెరిచినప్పుడు అవి ఎర్రగా ఉన్నాయి. పొగకేమో అనుకున్నాను.

"సిటికెడు ఉప్పు," అంది.

మావ చిటికెడు ఉప్పు తీసి వేసి తిప్పాడు. ఆవిడ మళ్లీ చేయి చాపి మళ్లీ నాకింది.

"ఊఁ," అంది. "ఇప్పుడు అట్టుకెల్లండి."

తిరిగి వెళ్లబోతూ కొడుకు ముందు ఆగి, మావని చూపించింది. "నా గిన్ని దించరా. రేపటినుంచి మొదటి గరిటె నాకు తెమ్మను ఈడిని. నాను సెప్పినట్టు ఈడు సేస్తాడు. మీ నాన్న ఎట్టిన పద్ధతి ఒగ్గేసి ఇన్నాల్లూ ఏటి బాగుపడ్డాం?"

సావుకారు ఆ రద్దీలోనే స్టూలెక్కి మేకుకున్న ఇత్తడి గిన్నె దించి, ఎవరు అడిగినా ఇవ్వకుండా నూతి దగ్గర కూర్చుని చింతపండుతో తోమాడు. గల్లా దిగని మనిషి, వానలో తడుస్తూ.

ఆ మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీద అడ్డాకు విస్తళ్లు బండి ఇంజను దగ్గర్నుంచి వెనక గార్డు పెట్టె దాకా పరిచాం. ఇంజను డ్రైవరు, పక్కన గ్యాంగు కూలీ, పక్కన కోటేసుకున్న ప్లీడరు. పులుసు మళ్లీ, పులుసు మళ్లీ అని కేకలు. దొన్నెలు అయిపోతే ఒక ముసలాయన దోసిలి పట్టి తాగాడు. నా ఉద్యోగ జీవితంలో తరవాత ఎన్నో విందులు వడ్డించాను, మంత్రులకి కూడా. ఆ రోజులాంటిది మళ్లీ రాలేదు. 

మర్నాటినుంచి నా నాలుకకి ఉద్యోగం పోయింది. పులుసు దించగానే మావ గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లేవాడు. మామ్మ రుచి చూసి ఇంత ఉప్పు, అంత బెల్లం అని చెప్పేది. పులుసే కాదు, చారు, చట్నీ, పెసరట్టు పిండి కూడా. ఇద్దరూ పెరట్లో కూర్చుని కబుర్లాడుకుంటుంటే హాల్లో జనం ఆ ఊఁ కోసం ఆగేవారు. గట్టు మీద చీమలు కొన్నాళ్లు వెతుక్కుని వెళ్లిపోయాయి. అత్త పెట్టె మళ్లీ అటక ఎక్కింది. మావకి కొన్నాళ్లకి తీపి ఒక్కటీ కాస్త తెలిసింది, మిగతావి రాలేదు. ఆయన్ని మాత్రం ఆ తరవాత ఎవరూ ఒక్క మాట అనలేదు. హోటలు ఉన్నన్నాళ్లూ మాస్టరుగానే ఉన్నాడు.

నాకు రాజాంలో పని దొరికి వెళ్లిపోతున్న రోజున మామ్మ దగ్గర సెలవు తీసుకుందామని పెరట్లోకి వెళ్లాను. కత్తిపీట ముందు గుమ్మడికాయ ఉంది. కాళ్లకి దండం పెట్టి, మనసులో నలుగుతున్నది అడిగేశాను.

"మామ్మా, మావ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"గట్టుమీద ఉప్పురాయి ఎట్టి పోయే ఎర్రోడు ఈ ఊర్లో ఇంకెవుడున్నాడురా?" అని నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. "నోరు సచ్చిపోతే ఎలగుంటాదో నాకు తెలీదేటి? మీ పెద్ద సావుకారు పోయిన కాడినుంచి, ఆ దినం గంగాలం కాడ ఆడి పులుసు నోట్లో ఏసుకునేదాకా, నాను తిన్నదేదీ నాకు తెలీనేదు. ఆడికి జొరమొచ్చి పోనాది, నాకు మడిసి పోయి పోనాది. అంతే తేడా."

 ఆవిడ గుమ్మడికాయని కత్తికి ఆనించింది. ఇంకొకటి కూడా నాకు ఎప్పటినుంచో అర్థం కానిది ఉంది.

"మరి ఆ దినం అంత గంగాలానికి సిటికెడు ఉప్పేటి మామ్మా? అది ఏ మూలకొస్తాది?"

ఆవిడ కొడుకు ఉన్న గల్లా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఉప్పు సరిగ్గానే ఉన్నాదిరా. ఆడి నాలిక మర్సిపోనాది గానీ సెయ్యి మర్సిపోనేదు. కానీ సరిగ్గా ఉన్నాదనీస్తే, మర్నాడు నన్నెవుడు పిలుస్తాడు?"